అక్షయ శృంగం

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి భయపడే మనుషులు మిట్టమధ్యాహ్నానికి భయపడరు. అంత తీరిక ఉండదు. ఆ వేళకి అశోక్‌నగర్ సందుల నిండా ఆకలి తిరుగుతూ ఉంటుంది. కోచింగ్ సెంటర్ల నుంచీ, లైబ్రరీ మెట్ల మీద నుంచీ లేచి వచ్చిన పిల్లలు కర్రీ పాయింట్ల ముందు గుంపులు కడతారు. కానీ మనిషి నీడ ముడుచుకుని పాదాల కింద దాక్కునే ఆ ఒక్క క్షణంలో మనిషికి కాపలా ఎవరూ ఉండరని పాతకాలపు ఆడవాళ్ళకి తెలుసు.

ఆ రోజు జ్యేష్ఠ బహుళ అమావాస్య. ఉదయం నుంచీ ఉక్కపోత. పన్నెండయ్యేసరికి ఎక్కడివో కారుమేఘాలు లోయర్ ట్యాంక్ బండ్ వైపు నుంచి కమ్ముకొచ్చి సూర్యుణ్ణి మింగేశాయి. పట్టపగలే వీధి దీపాలు వెలిగాయి! రెండు అపార్టుమెంట్ల మధ్య, గాలి కూడా దూరని ఇరుకు సందులో, నీళ్ళ పైపు మీద కూర్చుని ఒక గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు!

ఆ కూత రాజ్యలక్ష్మి వినలేదు. ఆమె కొత్త బోర్డు వైపు చూస్తోంది.

రాజ్యలక్ష్మి భర్త పోయి ఆరేళ్ళు. ఆ తర్వాత ఇంటి కింది భాగంలో కర్రీ పాయింటు పెట్టి కూతురు మహితని చదివించింది. మహిత ఇప్పుడు చిక్కడపల్లిలో శుభలేఖలూ సైన్‌బోర్డులూ తయారుచేసే షాపులో డిజైనరు. అమ్మ షాపుకి తనే బొమ్మ గీసి బోర్డు చేయించింది. పెద్ద వంపు తిరిగిన కొమ్ము... దాని నోట్లోంచి వంకాయలూ, దొండకాయలూ, టమాటాలూ, మునక్కాడలూ జలజలా రాలుతున్నట్టు.

"ఏందమ్మా గిది, కొమ్ములకెల్లి కూరగాయలు కారుతున్నయ్?" అంది వంటమనిషి మాసమ్మ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"నిండు కొమ్ము అత్తా! రెండు వేల ఏళ్ళ నుంచి గీస్తున్నారు దీన్ని. నాణేల మీద, విగ్రహాల చేతుల్లో, హోటళ్ళ బోర్డుల మీద... ఎప్పటికీ తరగని తిండికి గుర్తు," అంది మహిత. "గ్రీకు వాళ్ళ కథ. దేవుళ్ళ రాజు పసివాడుగా ఉన్నప్పుడు, వాళ్ళ నాన్న మింగేస్తాడని గుహలో దాచారు. ఒక మేక పాలిచ్చి పెంచింది. వాడు ఆడుకుంటూ దాని కొమ్ము విరిచేశాడు. తర్వాత బాధపడి, ఆ కొమ్ములో తిండి ఎప్పుడూ నిండుగా ఉండాలని వరమిచ్చాడు."

"ఎవలకిచ్చిండు? మేకకా?"

"కాదు. కొమ్ముకి."

"మరి మేక సంగతేంది?"

మహిత నవ్వింది. "నక్షత్రమైందని కొందరంటారు. వాడే దాని తోలు తీసి యుద్ధానికి డాలు చేసుకున్నాడని ఇంకో కథ."

"మంచిగనే చూసుకున్నడు పాలు తాగినందుకు!" అంది మాసమ్మ. ముగ్గురూ పకపకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఉరిమింది.

మహితకి ఆ మాట మామూలుది కాదు. తను పుట్టిన ఇరవయ్యో రోజున రాజ్యలక్ష్మికి కామెర్లు వచ్చి పాలు ఎండిపోతే, అప్పట్లో అంట్లు తోమడానికి వచ్చే మాసమ్మ తన బిడ్డతో పాటు ఈ బిడ్డకీ రొమ్మిచ్చింది. ఎనిమిది నెలలు! అడగలేదు, అడిగించుకోలేదు. ఏడుపు విని గచ్చు మీద కూర్చుని కొంగు కప్పుకుంది, అంతే.

మాసమ్మ కరివేపాకు తేవడానికి నారాయణగూడ మార్కెట్టుకి బయల్దేరింది. మహిత బండెక్కి షాపుకి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడు మెట్ల మీద పావుకోళ్ళ చప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్...

మూడో అంతస్తులో అద్దెకుంటున్న కాశీవిశ్వనాథం. డెబ్బై దాటిన మనిషి. వంగిన నడుం, తెల్లటి జుట్టు, లోపలికి పోయిన కళ్ళు. జాతకాలు చూస్తాడు, ముహూర్తాలు పెడతాడు. తమ ఊరి వైపు మనిషని రాజ్యలక్ష్మికి గురి. బాబాయి గారూ అని పిలుస్తుంది.

ఆయన బోర్డు ముందు ఆగి చాలాసేపు చూశాడు. "ఎవరు గీశారమ్మా?"

"మా మహిత, బాబాయి గారూ."

"వంపు బాగా పట్టింది. మూతి మాత్రం తప్పు గీసింది." ఆయన గొంతులో ఏదో బొంగురు. "బయటికి కుమ్మరిస్తున్నట్టు గీసింది. నిజమైన కొమ్ము మొదట లోపలికి పీల్చుకోవాలి కదా..."

ఆయన చేతిలో స్టీలు గిన్నె ఉంది. నిన్న రాజ్యలక్ష్మి గుత్తివంకాయ పెట్టి పంపిన గిన్నె. దాని మీద పసుపు గుడ్డ కప్పి ఉంది.

"ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదమ్మా."

ఎవరింటి గిన్నె అయినా తిరిగిచ్చేటప్పుడు రెండు పచ్చిమిరపకాయలో, చారెడు పంచదారో వేసి ఇవ్వడం రాజ్యలక్ష్మి పుట్టి పెరిగిన పద్ధతి. అలా వచ్చినదాన్ని వద్దనడం ఎరగదు. వద్దంటే పెట్టినవాళ్ళని కాదన్నట్టు. రెండు చేతులా అందుకుంది. గుడ్డ తీసింది.

కొమ్ము!

జానెడు పొడవున, నల్లగా, మెలి తిరిగిన మేక కొమ్ము. మూతికి ఇత్తడి కట్టు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది... బతికున్న జంతువు ఒంటిలా!

ఉలిక్కిపడి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"భయపడకు. వీధి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి కొత్త షాపులు వచ్చాయి. రోజూ మూడింటికి నువ్వు మిగిలిన కూరలు పారబోస్తుంటే పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఇంకో రెండు నెలలు నడుపుతావేమో. ఆ తర్వాత నీ మాసమ్మకి ఎక్కడ పని చూపిస్తావు?" అన్నాడు ఆయన. "దీని మూతి నీ కూర గిన్నెల వైపు పెట్టు. తరగవు. ఆ రుచి నాలిక వదలదు. మొదటి వడ్డన మాత్రం రోజూ ఆకులో పెట్టి నాకు పంపాలి."

"అంతేనా బాబాయి గారూ?"

"చిన్న సంకల్పం. ఈ ఇంటి బిడ్డకి పాలిచ్చినదాని పేరు కావాలి."

ఆయన అరచేతిలో నీళ్ళు పోసుకున్నాడు. ఆ నీళ్ళు నల్లగా కనిపించాయి! ఈసారి గుడ్లగూబ కూత ఆమె చెవిన పడింది. ఆ చీకటిలో, ఆ ఉరుముల్లో, నెత్తుటి వాసనలాంటి వాసన ఏదో వంటింటి గట్టు మీద నుంచి లేచింది.

"పేరు చెబితే... ఆ మనిషికేమైనా అవుతుందా?"

"కొంచెం నీరసం," అన్నాడు కాశీవిశ్వనాథం ఆమె కళ్ళలోకి చూస్తూ. "అంతే."

రాజ్యలక్ష్మి గొంతులోకి ముందు తన పేరే వచ్చింది. ఇరవై రోజులు తనూ ఇచ్చింది. ఆ పేరుని మింగేసింది.

"మాసమ్మ," అంది.

భళ్ళున పిడుగు పడింది! కరెంటు పోయింది. చీకట్లో కొమ్ము లోపల నుంచి ఏదో గుటక వేసిన చప్పుడు... స్పష్టంగా వినిపించింది!

* * *

మర్నాటి నుంచి గిన్నెలు తరగలేదు.

టమాటా పప్పు పదకొండింటికి ఎంత ఉందో మూడింటికీ అంతే. గరిట ముంచితే గుంట పడుతుంది, రెప్ప వేసేలోగా పూడుకుంటుంది. క్యూ మలుపు దాకా పాకింది. పక్క షాపుల వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి చూశారు.

"ఆంటీ, వంకాయల ఏం కలుపుతున్నరు సచ్చిపోతున్న!" అన్నాడు అనుదీప్. గ్రూపు పరీక్షలకి నాలుగో ఏడు చదువుతున్న కుర్రాడు.

"ఏం కలుపుతాం నాయనా, ఉప్పూ కారం."

"కాదాంటీ, తీపుంది అండ్ల. బెల్లం తీపు గాదు. సిన్నప్పటి తీపు. సర్కారు నౌకరీ వచ్చినా సరే, ఈడికెల్లి కదల. పోస్టింగు గూడ ఈ గల్లీలనే ఇయ్యమంట!"

"రాసే పరీక్షేదో ముందు రాయరా బాబూ," అన్నారెవరో వెనక నుంచి. క్యూ అంతా గొల్లుమంది. రాజ్యలక్ష్మి నవ్వబోయింది. నవ్వు పెదాల మీదే పులిసిపోయింది.

ఎందుకంటే వెనక పొయ్యి దగ్గర మాసమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

మొదటి వారం కళ్ళు తిరుగుతున్నాయంది. రెండో వారం, ఒక మధ్యాహ్నం, ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకి నెట్టి కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుంది. అంత ఉక్కలో!

"ఏమైంది మాసమ్మా?"

"ఏం లేదమ్మా." తల ఎత్తలేదు. "సెప్పనీకి సిగ్గయితుంది. ఎన్నడో ఇరవై ఏండ్ల కింద ఎండిపోయినయ్... మల్ల పాలొస్తున్నయమ్మా. రైక మొత్తం తడిసిపోతున్నది. ఈ వయసుల ఏందమ్మా నాకిది?"

కొంగు మీద తడి మరకలు మెల్లగా పెద్దవవుతున్నాయి. గడియారం పన్నెండు కొట్టింది. గట్టు మీద కొమ్ము సన్నగా, తృప్తిగా, పసిబిడ్డ చప్పరించినట్టు... చప్పరిస్తోంది!

రాజ్యలక్ష్మికి అంతా అర్థమైంది. కానీ ఆమె నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"ఆగిపోయే వయసులో ఇలాంటివన్నీ ఉంటాయిలే. వచ్చే వారం డాక్టరుకి చూపిద్దాం."

బయట క్యూలో కేకలు. ఆమె గరిట అందుకుంది. ఆ రోజు కూర తియ్యగా ఉందని పదిమంది చెప్పారు. ఆ రాత్రి తన కంచంలో అన్నం కలపలేక చెయ్యి కడుక్కుంది. మర్నాడు పొద్దున్నే లేచి కొమ్ము మూతిని మళ్ళీ గిన్నెల వైపు తిప్పింది. దాన్ని కట్టిపెడితే షాపు ఉండదు, షాపు లేకపోతే మాసమ్మకి పని ఉండదు, ఇదంతా మాసమ్మ కోసమే... ఇలా రోజుకో పదిసార్లు అనుకుంది. పదిసార్లూ సిగ్గేసింది. పదిసార్లూ గరిట తిప్పింది.

పైన మాత్రం కాశీవిశ్వనాథం నడుం నిటారుగా అయ్యింది. జుట్టు నల్లబడింది. ఆకులో మొదటి వడ్డన అందుకునే చేతి మీద ముడతలు పోయాయి. గది దాటి కిందికి రావడం మానేశాడు.

మూడో వారానికి మాసమ్మ బుగ్గలు పీక్కుపోయాయి. జుట్టు దువ్వెనకి కట్టలుగా వచ్చింది. మహితే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"రిపోర్టులన్నీ బాగున్నాయటమ్మా. కానీ మనిషి చూడు... రోజురోజుకీ కరిగిపోతోంది." మహిత కళ్ళలో నీళ్ళు. గట్టు మీద కొమ్ము చూసింది. "ఇదేంటి? ఎక్కడిది?"

"వాస్తుకి పెట్టాను," అంది రాజ్యలక్ష్మి. కూతురి మొహం వైపు చూడలేదు.

* * *

ఆషాఢ బహుళ అమావాస్య. మళ్ళీ అదే మిట్టమధ్యాహ్నం!

ఆకాశం తారులా నల్లబడింది. హోరుగాలికి బోర్డు ఊగుతోంది. వానకి జడిసి క్యూ చెదిరిపోయింది. వీధి కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగి, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో... వంటింట్లో ఏదో నమలుతున్న చప్పుడు.

రాజ్యలక్ష్మి తిరిగి చూసింది.

మాసమ్మ నేల మీద చేతులూ మోకాళ్ళూ ఆన్చి, కరివేపాకు కట్టలోకి మొహం పెట్టి, రెమ్మలతో సహా కొరికి తింటోంది! అలికిడికి తల ఎత్తింది. ఆ కళ్ళు... ఆ కళ్ళలో గుండ్రటి పాపలు లేవు! అడ్డంగా, సన్నగా, నల్లటి చీలికలు!

"మాసమ్మా!"

మాసమ్మ నోరు తెరిచింది. లోపలి నుంచి వచ్చింది మనిషి గొంతు కాదు. కోతకి ముందు గొంతు చించుకునే జంతువు అరుపు! షాపులో గిన్నెల మూతలు గలగలలాడాయి. అరుస్తూనే ఆమె పక్కకి ఒరిగిపోయింది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగలని ఒళ్ళు. రైక మీద తడి... ఇప్పుడది తెల్లగా లేదు. ఎర్రగా ఉంది!

రాజ్యలక్ష్మి కొమ్ము అందుకుంది. అరచెయ్యి కాలింది. వదల్లేదు. మూడంతస్తులు ఆగకుండా ఎక్కింది.

తలుపు తెరిచే ఉంది. లోపల దీపం. దీపం వెనక ఎర్రటి గుడ్డ మీద మేక కపాలం! ఒక వైపు కొమ్ము ఉంది. రెండో వైపు విరిగిన మొదలు... ఇంకా పచ్చిగా! దాని ముందు అరిటాకులో ఇవాళ్టి మొదటి వడ్డన. ఆకు ముందు కూర్చున్న మనిషికి నలభై ఏళ్ళు కూడా ఉండవు.

"బాబాయి గారూ... తీసేయండి. దీన్ని తీసేసుకోండి. మాసమ్మ చచ్చిపోతోంది!"

"ఇచ్చిన పేరు వెనక్కి రాదు." ఆయన తాపీగా ముద్ద కలుపుకున్నాడు. "మార్చడం కుదురుతుంది. అదే బిడ్డకి పాలిచ్చిన ఇంకో పేరు చెబితే, ఇది మాసమ్మని వదిలి అక్కడికి పోతుంది. నువ్వూ ఇరవై రోజులు ఇచ్చావుగా, అమ్మా రాజ్యలక్ష్మీ? చెప్పు. నీ పేరు నువ్వే నోటితో చెప్పాలి."

ఆమె నోరు తెరిచింది.

మెట్లెక్కుతున్నప్పుడు ఆ మాట నాలిక మీదే ఉంది. చెప్పేద్దామనే వచ్చింది. నిజంగానే వచ్చింది! కానీ ఇప్పుడు కపాలం కంటిగుంటలు తన వైపే చూస్తున్నాయి. కొమ్ము తన చేతిలో మెల్లగా మెలి తిరిగి, మూతి తన గుండె వైపు చూపిస్తోంది. మొదటి అక్షరం పళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఒక క్షణం... రెండు క్షణాలు... పది...

"ఇంకేదైనా... దారి..." అంది.

కాశీవిశ్వనాథం పగలబడి నవ్వాడు.

"పదకొండు ఇళ్ళు తిరిగాను! ప్రతి ఇల్లాలూ ఏడుస్తూ ఇలాగే వచ్చింది. ప్రతి ఇల్లాలూ ఇదే మాట అంది! మీరు చెప్పలేరు. చెప్పరు. ఆ నమ్మకం మీదే నేను బతుకుతున్నాను! పో... కిందికి పో. సాయంత్రానికి మీ మాసమ్మ ఉండదు. రేపు నేను ఇంకో ఇల్లు వెతుక్కుంటాను!"

రాజ్యలక్ష్మి కొమ్ము లేని చేత్తో మొహం కప్పుకుంది. తను నిలబడ్డ చోటే భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

అప్పుడు... మెట్ల మీద...

టక్... టక్... టక్... టక్...

పావుకోళ్ళు కావు. గిట్టలు!

కాశీవిశ్వనాథం నవ్వు ఆగిపోయింది. గుమ్మంలో మాసమ్మ నిలబడి ఉంది. కళ్ళు అడ్డంగా చీలి, మండుతున్నాయి. మెరుపు మెరిసింది. గోడ మీద పడిన ఆమె నీడకి ఒకే ఒక్క కొమ్ము!

"నాది నాకియ్యి," అంది. ఒక్క గొంతు కాదది. పది గొంతులు, పదకొండు గొంతులు... అన్నిటి అడుగునా ఒక మూగ జంతువు గొంతు.

అతను ఎగిరి లేచాడు. విభూది చల్లాడు. బంధన మంత్రం అందుకున్నాడు. ఆ మంత్రంలో ఒక చోట ఖాళీ ఉంటుంది. ఎవరిని కట్టాలో వాళ్ళ పేరు అక్కడ పలకాలి. పేరు పలికితేనే కట్టు పడుతుంది.

"...మాసమ్మాం బంధయ బంధయ!"

ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"మాసమ్మ నిద్రపోతున్నది. నన్ను పిలువు."

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. తను పీల్చి పిప్పి చేసిన పదకొండు మంది పాలతల్లుల పేర్లూ వరసగా పలికాడు. ఆమె ఒక్కో పేరుకి ఒక్కో అడుగు వేసింది. పేర్లు అయిపోయాయి. అడుగులు ఆగలేదు!

"పుట్టిన మూడో నాడు తల్లి పోతే నీకు పాలెవరిచ్చారు?" అంది ఆ గొంతు. "దొడ్లో కట్టేసిన నన్ను చూపించి, అదే నీ తల్లి అన్నారు. నా పొదుగు కింద పెరిగావు. పన్నెండేళ్ళకి ఎవడో గురువు చెప్పాడు... పాలిచ్చినదాని కొమ్ము, బతికుండగా విరిస్తే, అక్షయమని. నువ్వు దగ్గరికొస్తే నేను పారిపోలేదు. నీ చేతి వాసన నాకు తెలుసు. మేత తెచ్చావనుకున్నాను."

కాశీవిశ్వనాథం మంత్రం మళ్ళీ ఎత్తుకున్నాడు. గుక్క తిప్పుకోకుండా ఖాళీ దాకా వచ్చాడు... ఆగాడు!

"చెప్పు. నా పేరేంటి?"

అతని కళ్ళు తేలిపోయాయి. పన్నెండేళ్ళు పాలు తాగాడు. ఒక్కనాడూ దానికి పేరు పెట్టలేదు! పేరు లేనిదాన్ని కట్టే మంత్రం ఈ లోకంలో లేదు!

రాజ్యలక్ష్మి చేతిలోంచి కొమ్ము తనంతట తనే ఎగిరింది. గాలిలో గిర్రున తిరిగి, మూతి అతని వైపు పెట్టి ఆగింది. పీల్చడం మొదలుపెట్టింది! ముందు జుట్టు తెల్లబడింది. నడుం వంగింది. చర్మం ముడతలు పడి, వేలాడి, ఎండిన తోలులా బిగుసుకుపోయింది. అతను అరిచాడు. ఆ అరుపు సన్నబడి, సన్నబడి... చివరికి పాలకి ఏడ్చే పసికందు ఏడుపైపోయింది. "ఆకలి... ఆకలి..." అన్నాడు. ఎదురుగా ఆకు నిండా అన్నం ఉంది. అతని చెయ్యి ఆకు దాకా వెళ్ళలేదు.

ఏడుపు ఆగింది. కొమ్ము నిలువునా చిట్లి బూడిదై రాలింది. కపాలం బీటలు వారి, ఎర్రటి గుడ్డ మీద గుప్పెడు సున్నంలా కుప్పకూలింది. మాసమ్మ గుమ్మంలోనే పడిపోయింది. బయట వాన మొదలైంది.

* * *

తొంభై ఏళ్ళ ముసలాయన గుండె ఆగి పోయాడని అందరూ అనుకున్నారు. అంత పెద్దవాడని తెలియదే అని కొందరు ఆశ్చర్యపోయారు.

మాసమ్మ బతికింది. దోమలగూడలో తన ఒంటిగది ఇంట్లోనే మంచం మీద ఉంది. మహిత రోజూ పని అయ్యాక వెళ్ళి వస్తోంది. కొమ్ము వల్లే ఏదో జరిగిందని తనకి అర్థమైంది. ఎలా జరిగిందో తెలియదు.

"నువ్వు ధైర్యం చేసి పైకి పరిగెత్తబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే అత్త మనకి దక్కేది కాదు," అంది తల్లిని పట్టుకుని. వీధిలో వాళ్ళూ అదే అన్నారు. పక్క షాపు రాజకుమారి, వంటమనిషి కోసం ప్రాణాలకి తెగించిందని నలుగురికీ చెప్పింది. విన్న ప్రతిసారీ రాజ్యలక్ష్మికి ఒంటి మీద ఈగలు వాలినట్టుండేది. షాపు మూసేసింది. బోర్డు దింపించింది. అయినా ఆ మాటలు ఆగలేదు.

పదకొండో రోజు సాయంత్రం రాగిజావ పట్టుకుని దోమలగూడ వెళ్ళింది. మాసమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు మామూలుగానే ఉన్నాయి. అలసిపోయి, లోతుగా.

"నీకొక సంగతి చెప్పాలి," అంది రాజ్యలక్ష్మి.

చెప్పింది. గిన్నె సంగతి, కొమ్ము సంగతి, నీరసం అని ఆయన ముందే అన్న సంగతి, పైన తన పేరు చెబితే మాసమ్మని వదిలేస్తుందన్న సంగతి. మాసమ్మ కదలకుండా విన్నది. గోడ అవతల ఎవరింట్లోనో కుక్కరు కూత పెట్టింది.

"నా పేరు సెప్పనీకి ఎంతసేపు పట్టిందమ్మా నీకు?" అంది మాసమ్మ.

అబద్ధం ఆడొచ్చు. చాలాసేపు ఆలోచించాననొచ్చు. ఏడ్చాననొచ్చు. ఆ మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"వెంటనే చెప్పాను."

"మరి పైన, నీ పేరు?"

"రాలేదు మాసమ్మా. నోరు తెరిచాను. రాలేదు."

మాసమ్మ జావ గ్లాసు వైపు చూసింది. తీసుకోలేదు. తిట్టలేదు. ఏడవనూ లేదు.

"రైక తడిసిందని నీకు సెప్పిననాడు నాకు మస్తు సిగ్గయింది," అంది చివరికి. "గా సిగ్గు నాది గాదు. నీది నేను మోసిన."

రాజ్యలక్ష్మి తల వంచుకుంది.

"మహితమ్మకు నువ్వు సెప్తవా, నేను సెప్పాల్నా?"

బయట స్కూటీ ఆగింది. సందులో మహిత ఎవరితోనో నవ్వుతూ మాట్లాడడం వినిపించింది. మందుల కవరు చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"ఏంటి, ఇద్దరూ నేను లేకుండా ఏం గూడుపుఠాణీ చేస్తున్నారు?" అంటూ లోపలికి వచ్చి, మహిత తల్లి వెనక నిలబడి రెండు భుజాల మీదా చేతులు వేసింది.

"మహితా," అంది రాజ్యలక్ష్మి. "బోర్డు పెట్టిన రోజు... నువ్వు షాపుకి వెళ్ళాక ఒకటి జరిగింది."

మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ఎక్కడా కలపలేదు, ఎక్కడా తగ్గించలేదు. గొంతులోకి వచ్చిన తన పేరు మింగి, మాసమ్మ పేరు చెప్పిన చోటికి వచ్చేసరికి, భుజాల మీద ఉన్న కూతురి చేతులు మెల్లగా పైకి లేవడం ఆమెకి తెలిసింది. ఆ చేతులు ఉన్నచోట చల్లగా అయ్యింది.

ఆమె ఆగలేదు. మిగతాది కూడా చెప్పింది.